స్టేపుల్ కొట్టిన కుంకుమ

మా మావయ్యగారి పార్టీకి ఏ.ఎస్. రావు నగర్‌లో ఓట్లు రాలవు. ఈ సంగతి నాకు పెళ్ళిచూపుల్లోనే తెలిసిపోయింది. మా ఇల్లు ఏ.ఎస్. రావు నగర్ అని నాన్న చెప్పగానే ఆయన పకోడీ ప్లేటు టీపాయ్ మీద పెట్టేసి, "ఆడ మనోళ్ళు జెర తక్కువ" అని పెద్ద నిట్టూర్పు విడిచారు. మనోళ్ళు అంటే బంధువులనుకుని నాన్న, "పర్లేదండీ, ఇక నుంచి మేముంటాంగా" అన్నారు. మావయ్యగారి మొహం వెలిగిపోయింది. పాపం, ఆయన మమ్మల్ని ఓట్ల లెక్కలో వేసుకున్నారు. మా నాన్న పుట్టి బుద్ధెరిగి ఏ పార్టీనీ తిట్టకుండా వదల్లేదని ఆయనకప్పుడు తెలీదు.

ఆ పార్టీ పేరు నేను చెప్పను. పాతదంతా బంగారం, కొత్తది మాత్రం గీటురాయి మీద పెట్టి చూడాలి అనే పార్టీ అనుకోండి. మావయ్యగారికి రాంగోపాల్‌పేట్‌లో ఇత్తడి సామాన్ల దుకాణం. కింద బిందెలు, దీపపు కుందులు, మేడ మీద గదిలో పార్టీ. దుకాణం ఎంత పాతదో పార్టీలో ఆయన అంత పాత. నేను కాపరానికి వచ్చేటప్పటికే ఆ మేడ మీదికి ఆదివారం ఆదివారం అదే మనుషులు వచ్చేవారు, అవే కుర్చీల్లో కూర్చునేవారు, ఒకరు చెప్పింది ఇంకొకరు అవునవును అనేవారు. మధ్యలో అత్తయ్య పంపిన చాయ్ తాగేవారు. దేశం గురించి ఇంత దిగులుపడేవాళ్ళు మళ్ళీ సమోసాలు చల్లారిపోతున్నాయని కూడా అంతే దిగులుపడేవారు.

కిందటి ఎన్నికలకి కొన్ని నెలల ముందు మావయ్యగారికి కబురొచ్చింది. ఆయన కంటే చాలా చిన్నవాడైన పై నాయకుడు ఒకాయన పిలిపించి, "పెద్దాయనా, రాంగోపాల్‌పేట్ మనదే. కానీ ఎన్నాళ్ళు ఇక్కడే తిరుగుతం? కొత్త కాలనీలకు పోవాలె, ఆడోళ్ళల్ల పోవాలె, ఆంధ్రా నుంచి వచ్చినోళ్ళల్ల పోవాలె. ఏ.ఎస్. రావు నగర్ దిక్కు మీరే ఇన్‌ఛార్జి. గీ సారి గాకపోతే మిమ్మల్ని సలహా మండలిలకు తీసుకుంటం" అన్నాడట.

సలహా మండలి అంటే ఏమిటత్తయ్యా అనడిగాను.

"శాలువా గప్పి ఇంట్ల కూసోబెడ్తరు బిడ్డా. సలహా మాత్రం అడగరు," అంది అత్తయ్య, కూరలో ఉప్పు చూస్తూ.

నవ్వొచ్చింది కానీ, ఆయన్ని చూశాక నవ్వు ఆగిపోయింది. ఆయనకి సినిమాల్లేవు, పేకాట లేదు, స్నేహితులంటే మేడ మీదివాళ్ళే. పొద్దున్న ఫోన్ మోగకపోతే చార్జింగు ఉందో లేదో చూసుకునే మనిషి. పార్టీ లేకపోతే ఆయన దగ్గర ఇత్తడి బిందెలు తప్ప ఏం మిగలదు. ఆ వారమంతా అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలకడమే.

ఆదివారం మేడ మీద విస్తరణ సభ పెట్టారు. చాయ్ పట్టుకెళ్ళే వంకతో నేను గుమ్మం దగ్గరే పాతుకుపోయాను. ఒకాయన, యువతని ఆకర్షించాలంటే డీజే బండి పెట్టాలన్నాడు. ఇంకొకాయన డీజే మన సంస్కృతి కాదన్నాడు. అయితే డీజేలో భజనలు పెడదామన్నాడు మొదటాయన. అందరూ భేష్ అన్నారు. ఆడవాళ్ళ మాట వచ్చేసరికి గది మొత్తం గమ్మునైపోయింది. చివరికి మావయ్యగారే తేల్చారు. ఆడవాళ్ళని పిలవాలంటే మన సంప్రదాయం ఏమిటి? బొట్టు పెట్టి పిలవడం. కానీ పార్టీలో ఉన్నదంతా మగవాళ్ళాయె. పరాయి ఆడదాని నుదుట వీళ్ళు బొట్టు పెడితే చెప్పులు తెగుతాయి. అందుకని మధ్యే మార్గం కనిపెట్టారు. కుంకుమ చిన్న ప్లాస్టిక్ పొట్లాల్లో పోసి, సభ కరపత్రానికి స్టేపుల్ కొట్టి ఇంటింటికీ పంచడం.

"ఎట్లుంది బిడ్డా?" అని నన్నే అడిగారు, గుమ్మంలో చూసి.

నాకు నోటి దాకా వచ్చింది. కొత్త కోడలిని కాదు గానీ, అక్కడ అంతమంది పెద్దవాళ్ళు. "బావుంది మావయ్యగారూ" అనేసి ట్రే పట్టుకుని దిగిపోయాను. ఆ మాట అన్నందుకు మెట్ల మీద నన్ను నేనే తిట్టుకున్నాను.

వాళ్ళు పంచడానికి వెళ్ళిన సాయంత్రం నేను మా అమ్మ దగ్గరే ఉన్నాను. సాయంత్రం ఆరింటికి వచ్చారు చూడండి, ఏ ఇంట్లో చూసినా కుక్కర్ కూస్తూ, పిల్లలు హోమ్‌వర్క్ దగ్గర ఏడుస్తూ, పొయ్యి మీద పాలు పొంగుతూ ఉండే వేళ. బెల్లు మోగితే అమ్మ గరిటె పట్టుకునే తలుపు తీసింది. నేను వంటింట్లోంచి చూస్తున్నాను. కండువాలు వేసుకున్న ఇద్దరు అమ్మ భుజం మీదుగా హాల్లోకి తొంగిచూసి, "ఇంట్ల ఎవరూ లేరా అమ్మా?" అనడిగారు.

అమ్మ ఒకసారి తనని తాను చూసుకుంది. గరిటెతో సహా నిలువెత్తు మనిషి.

"ఎవరూ లేరండీ," అంది.

"అయితే మళ్ళ వస్తం. సార్ వచ్చినంక గిది ఇయ్యుండ్రి," అని కాగితం చేతిలో పెట్టి పక్కింటికి వెళ్ళారు. అక్కడా అదే ప్రశ్న. అక్కడా ఆవిడ అదే జవాబు. వీధి మొత్తం చివరి దాకా తలుపులు తీసింది ఆడవాళ్ళే, ఎవరూ లేని ఇళ్ళే. ఆడవాళ్ళ ఓట్ల కోసం వచ్చి, ఆడది తలుపు తీస్తే మగాళ్ళు లేరా అని అడిగి వెళ్ళిపోయారు!

అమ్మ కరపత్రం తిరగేసింది. స్టేపుల్ పిన్ను పొట్లాన్ని చీల్చేసింది, కుంకుమ అమ్మ చేతులకి, గరిటెకి, చివరికి పప్పుకి కూడా అంటింది. "బొట్టు పెట్టి పిలుస్తారని విన్నాను గానీ, పిన్ను గుచ్చి పిలవడం ఇదే చూడ్డం," అంది అమ్మ. "మీ మావగారి ఆలోచనేనా?"

"కాదమ్మా," అన్నాను. వాళ్ళ పరువు మరి నా పరువే కదా.

ఇంటికొచ్చాక మాత్రం ఆగలేదు. భోజనాల దగ్గర అంతా కక్కేశాను. తలుపు తీసిన ఆడమనిషి ముందు నిలబడి ఎవరూ లేరా అనడం ఏమిటి మావయ్యగారూ, ఓటు ఎవరు వేస్తారు, గడప వేస్తుందా అన్నాను. మా ఆయన కాలితో నా కాలు తొక్కాడు. నేను కాలు తీసి ఇంకొంచెం గొంతు పెంచాను. ఇన్ని సంప్రదాయాలు చెప్తారు, బొట్టు ఎవరు పెట్టాలో కూడా తెలీదా, ఇంట్లో మనిషిని పెట్టుకుని స్టేపులర్‌ని పిలిచారా అన్నాను.

మావయ్యగారు ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయారు. కోపమొస్తుందేమో అనుకున్నాను. "ఇంట్ల మనిషి అంటే ఎవరు?" అన్నారు, నిజంగా తెలియకే.

నేను అత్తయ్య వైపు చూశాను. అత్తయ్య మజ్జిగ పోస్తోంది.

"ఆమెనా? ఆమెకు రాజకీయాలు ఏం తెల్సు?"

"నాకు తెల్వదు," అంది అత్తయ్య. "బొట్టు పెట్టుడు తెల్సు."

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక, అంటే ఆడవాళ్ళకి నడుం వాల్చడానికో సీరియల్‌కో కాస్త తీరిక దొరికే వేళ, అత్తయ్య పట్టుచీర కట్టుకుని, తన పెళ్ళినాటి వెండి కుంకుమ భరిణె పట్టుకుని నాతో ఏ.ఎస్. రావు నగర్‌కి బయల్దేరింది. అప్పటిదాకా ఆవిడ పార్టీకి చేసిందల్లా చాయ్. ఆటోలో కూర్చుని, "ఏం చెప్పాలె బిడ్డా?" అంది కొంచెం భయంగా. ఏమీ చెప్పొద్దు అత్తయ్యా, పిలవండి అంతే అన్నాను.

ఆవిడ ఏమీ చెప్పలేదు సరే. అడిగింది. మీది ఏ ఊరమ్మా, పిల్లలేం చదువుతున్నరు, మోకాళ్ళు నొస్తున్నయా, నాకు సుత. గోదావరి జిల్లా ఆవిడ "అయ్యో, కూర్చోండి పిన్నిగారూ" అంటే అత్తయ్య కూర్చుంది. సున్నుండ పెడితే తిని, "గిది ఎట్ల చేస్తరు?" అని విధానం అడిగింది. తన సర్వపిండి సంగతి చెప్పింది. ఒకరి మాట ఒకరికి సగం తెలిసీ సగం తెలియక ఇద్దరూ పడీపడీ నవ్వుకోవడం. మూడో ఇంటికి వెళ్ళేసరికి మొదటి ఇంటావిడ మాతోపాటే వచ్చేసింది. మేడ మీది పెద్దమనుషులు ఏళ్ళ తరబడి దున్నినా మొలవనిది ఆ మధ్యాహ్నం మొలిచింది.

వీధి చివరి ఇంట్లో టీచరుగా చేసి రిటైరైన పెద్దావిడ తలుపు తీసింది. భర్త పోయారు. భరిణె చూడగానే రెండడుగులు వెనక్కి వేసి, "నాకు కాదులెండి, పక్కవాళ్ళని పిలవండి," అంది.

అత్తయ్య చెయ్యి గాలిలో ఆగింది. మా అత్తయ్య ఆచారాల విషయంలో మావయ్యగారి కంటే ఒక ఆకు ఎక్కువే. వరలక్ష్మీ వ్రతానికి ఎవరిని పిలవాలో ఎవరిని పిలవకూడదో నాకు నేర్పింది ఆవిడే. అత్తయ్య భరిణె మూత పెట్టి నా చేతికిచ్చేసింది.

"బొట్టు లేకుంటే మాట సుత లేదా అక్కా?" అని చెప్పులు విడిచి ఆవిడకంటే ముందే లోపలికి నడిచింది.

ఆ ఒక్క ఇంట్లోనే మేము అందరికంటే ఎక్కువసేపు కూర్చున్నాం. అసలు సంగతి అక్కడే బయటపడింది. వీధి మలుపులో వైన్స్ ఉంది. దాని వెనకాల రేకుల షెడ్డులో కూర్చుని తాగేవాళ్ళు. ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలు ఆ మలుపు తిరగాల్సిందే. ఆవిడ మనవరాలు రోజూ ఆ మలుపు దగ్గరికొచ్చి అమ్మమ్మకి ఫోన్ చేస్తుందట. ఆ ఫోన్ పట్టుకుని మాట్లాడుతూ ఉంటే పిల్ల పరుగెత్తుకుని దాటేస్తుంది. "మీ పార్టీవాళ్ళు ఆడపిల్లల మర్యాద గురించి మైకుల్లో బాగా చెప్తారు. మరి ఆ కొట్టు తీయిస్తారా?" అంది ఆవిడ. చుట్టూ చేరిన ఆడవాళ్ళందరూ ఒక్కసారి అత్తయ్య వైపు తిరిగారు. "సభకి వస్తాం, కానీ ఇదే అడుగుతాం" అన్నారు. ఎప్పుడు వచ్చి చేరిందో గానీ, మా అమ్మ గొంతు అందరికంటే పెద్దగా వినిపించింది.

నాకు అప్పుడనిపించింది. సంప్రదాయం కాపాడే పార్టీకి ఇంతకంటే సంప్రదాయమైన కోరిక ఎవరు కోరతారు? వీళ్ళని గాలికొదిలేసి అక్కడ డీజేలో భజనలు పెడుతున్నారు!

ఇంటికొచ్చి మావయ్యగారికి చెప్పాం. ఆడవాళ్ళంతా వస్తున్నారనగానే పొంగిపోయిన మనిషి, వైన్స్ సంగతి వినగానే గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఆ కొట్టు సేటుదట. సేటు అంటే మేడ మీద ముందు కుర్చీలో కూర్చుని, అన్నిటికీ అవునవును అనే ఆయనే. సభలకి టెంటు, కుర్చీలు, మైకు అన్నీ ఆయన పెట్టుబడే. సంస్కృతి గురించి ఆయన మాట్లాడితే మావయ్యగారికి కళ్ళనీళ్ళు వచ్చేవి.

"నాకు తెల్వదు బిడ్డా. వ్యాపారం అన్నడు. ఏం వ్యాపారమో నేను అడగలే," అన్నారు. మళ్ళీ తనే, "సభల గా ముచ్చట రాకుంట చూడుండ్రి. తర్వాత నేను సేటుతోని నిమ్మళంగా మాట్లాడుత," అన్నారు.

అత్తయ్య భరిణె కడిగి, తుడిచి, బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆ తాళం చప్పుడు మాత్రం ఇల్లంతా వినిపించింది.

సభ కాలనీ కమ్యూనిటీ హాల్లో. కుర్చీలు చాలక ఆడవాళ్ళు కిటికీల దగ్గర కూడా నిలబడ్డారు. మేడ మీది పెద్దలకి నమ్మకం కుదరడం లేదు, వేరే ఫంక్షనేమో అనుకుని ఒకాయన బయటికెళ్ళి బ్యానర్ చూసొచ్చాడు. వేదిక మీద పై నాయకుడు, పక్కన సేటు, ఆ పక్కన మావయ్యగారు. ఆడవాళ్ళ కుర్చీ ఒక్కటీ లేదు, అది వేరే సంగతి. పై నాయకుడు తల్లి గురించి, చెల్లి గురించి, వంటింటి పవిత్రత గురించి మాట్లాడి కూర్చున్నాడు. సేటు మావయ్యగారి చెవిలో ఏదో చెప్పాడు. ప్రశ్నలొద్దు, వందన సమర్పణ కానిచ్చెయ్ అన్నాడని ఆయన పెదాలు చూస్తేనే తెలిసిపోతోంది.

టీచరుగారు అప్పటికే లేచి నిలబడింది. ఆవిడ అడిగింది ఒక్క ముక్క. "మలుపులో వైన్స్ తీయిస్తారా?"

పై నాయకుడు నీళ్ళ బాటిల్ మూత తిప్పుతున్నాడు. సేటు కండువా సర్దుకుంటున్నాడు. మావయ్యగారు మైకు పట్టుకున్నారు. నేనైతే ఆ క్షణంలో దేవుడా ఈయన్ని ఇంటికి తీసుకుపోనీ చాలు అనుకున్నాను, నిజం. ఆయన ఆడవాళ్ళ వైపు చూశారు. మొదటి వరసలో అత్తయ్య ఉంది. తరవాత సేటు వైపు తిరిగారు.

"సేటూ, దుకాణం నీదే గద. తీసెయ్యి. ఆడపిల్లలు పరేషాన్ అయితున్నరు. గిది సుత చెయ్యకుంటే మనం ఏం సంస్కృతి జెప్తం, ఎవలికి జెప్తం?"

చప్పట్లు ఎంతలా కొట్టారంటే, వందన సమర్పణ చేసేవాడు వందనం మర్చిపోయాడు. సేటు లేచి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ కుర్చీలవాడికి, మైకువాడికి సైగ చేశాడు. అందరూ బయటికి రాకముందే కుర్చీలు మడతపెట్టడం షురూ చేశారు.

వారం తిరక్కుండానే మావయ్యగారికి శాలువా కప్పారు. ఇన్‌ఛార్జి పదవి సేటు అల్లుడికి వెళ్ళింది. మేడ మీద గది ఖాళీ అయింది. ఆదివారం పొద్దున్న ఆయన అలవాటుగా పైకి వెళ్ళి, కుర్చీలు వరసగా వేసి, కాసేపు కూర్చుని, మళ్ళీ కిందికి వచ్చారు. అత్తయ్య చాయ్ పైకి పంపబోయి ఆగింది. నాకు ఏడుపొచ్చింది, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను కూడా. భోజనాల దగ్గర అలా గొంతు చించుకోకపోతే ఆయన కుర్చీ ఆయనకుండేది కదా అనిపించింది. మా ఆయనతో అంటే, "నువ్వు కాకపోతే మీ అమ్మ అనేది," అన్నాడు. అదీ నిజమే.

ఎన్నికలు ఇంకొన్నాళ్ళలో ఉన్నాయనగా మా అమ్మ ఫోన్ చేసింది. కాలనీ ఆడవాళ్ళు మావయ్యగారిని రమ్మంటున్నారు, అత్తయ్యని తీసుకుని రమ్మంటున్నారు అని. వెళ్ళాం. అమ్మ హాలు నిండిపోయింది. మా నాన్నకి కూర్చోడానికి చోటు లేక బాల్కనీలో నిలబడి తొంగిచూస్తున్నారు. టీచరుగారే మాట్లాడింది. "మాకు పార్టీలు తెలీవు అన్నయ్యగారూ. మా మాట విని పట్టించుకున్నది మీరొక్కరే. మీరు ఎవరికి వెయ్యమంటే వాళ్ళకి వేస్తాం."

ఇన్నేళ్ళుగా ఆయన కోరుకున్నదంతా ఆ హాల్లో ఉంది. ఆడవాళ్ళు, ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళు, కొత్త కాలనీ. ఒక్క మాట చాలు, పై నాయకుడే మళ్ళీ ఇంటికొచ్చి పిలుస్తాడు. మావయ్యగారు తాగుతున్న కాఫీ గ్లాసు కింద పెట్టేశారు.

"నేనైతే మా పార్టీకే ఏస్త తల్లీ," అన్నారు. "గింత వయసొచ్చినంక చెయ్యి ఇంకో దిక్కు పోదు. మీరు మాత్రం, గా దుకాణం లేపిస్త అని మీ ముంగట నిలబడి చెప్పినోనికే ఎయ్యుండ్రి. మావోడు చెప్తే మావోనికి. చెప్పకుంటే వద్దు."

అనేసి చెప్పుల కోసం గుమ్మం వైపు నడిచారు.

ఆ మాట ఫోన్లలో తిరిగి ఎక్కడికి చేరాలో అక్కడికి చేరింది. రెండో రోజే సేటు అల్లుడు చేతులు కట్టుకుని కాలనీకి పరిగెత్తుకొచ్చి కొట్టు తీయిస్తామని మాటిచ్చాడు, కొన్నాళ్ళకి కొట్టు కూడా లేచిపోయింది. కొట్టు ఎత్తించిన ఘనత ఆ అబ్బాయిదేనని ఇప్పుడు మలుపులో ఫ్లెక్సీ ఉంది. పార్టీ విస్తరించిందట, మేడ మీది వాళ్ళలో ఒకాయన కనబడితే చెప్పాడు. అవన్నీ తరవాతి సంగతులు. నాకు బాగా గుర్తున్నది ఆ సాయంత్రం మేం ఇంటికి తిరిగొస్తున్న కారు.

మా ఆయన నడుపుతున్నాడు. మావయ్యగారు ముందు, నేనూ అత్తయ్యా వెనక. తిరుమలగిరి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అత్తయ్య అంది, "మీవోడు జెప్పకుంటే నేను సుత ఎయ్య."

నేను గతుక్కుమన్నాను. ఆయన పార్టీ మీద ఆ ఇంట్లో అలాంటి మాట నేనెన్నడూ వినలేదు.

మావయ్యగారు వెనక్కి తిరగలేదు. ఎర్రదీపం వైపే చూస్తూ, "నీ ఇష్టం," అన్నారు.

అత్తయ్య పక్కకి తిరిగి కిటికీ అద్దం కిందికి దించింది. ఇల్లు వచ్చేదాకా మొహం ఇటు తిప్పలేదు. చేత్తో మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకునే ఉంది.